తీసి పెట్టే గడప

ఈ వ్యవహారం మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక, వానలు పడేలోపు ఖాళీ చేసి ఇవ్వాల్సిన యార్డు, అందులో అమ్ముడుపోక మిగిలిన ఒక టేకు దర్వాజ, మెట్లు చూస్తేనే మొరాయించే రెండు మోకాళ్లు, ఇక చాలంటున్న భార్య.

పాత ఇళ్లు పడగొట్టేచోట తలుపులు, దూలాలు, స్తంభాలు కొని, కొత్త ఇళ్లు కట్టుకునేవాళ్లకు అమ్మడం నా వ్యాపారం. మా నాన్న కాలంలో పాత సామాను కొనేది లేనివాళ్లు. కొత్త తలుపు చేయించుకునే శక్తి లేక పాతది కొని, మచ్చలు కనబడకుండా రంగు వేయించుకునేవారు. నా కాలానికి లెక్క తిరగబడింది. ఇప్పుడు కొనేది ఉన్నవాళ్లు. ఆ రంగంతా గీకించి, కింది మచ్చలు కనబడేలా చేయించుకుని మరీ తీసుకుపోతారు. మా నాన్న రంగు వేసి బతికాడు, నేను గీకి బతికాను. ఇద్దరికీ నడుములే పోయాయి.

మిగిలిన దర్వాజ రెజిమెంటల్ బజారులో ఒక పాత ఇంటిది. రెండు రెక్కలు, వాటి నిండా ఇత్తడి బుడిపెలు, పైన చెక్కిన చిలకలు, కింద బెత్తెడు ఎత్తు గడప. గడప కోసేసి మిగతా చట్రం ఇమ్మని చాలామంది అడిగారు. నేను ఇవ్వలేదు. భక్తి వల్ల అనుకోకండి. గడప తీసేస్తే కింద పట్టు ఉండదు, రెండు పక్కలూ విడిపోతాయి, నెల తిరక్కుండా తలుపు పట్టదు. కొన్నవాడు వచ్చి నా ముందే నిలబడతాడు. అందుకని మొత్తంగా అమ్ముతాననే బేరం మీద కూర్చున్నాను. కూర్చునీ కూర్చునీ అదొక్కటే మిగిలింది.

అప్పుడు లాస్య వచ్చింది. ఇళ్ల లోపలి హంగులు చూసే అమ్మాయి. నా దగ్గర ఇదివరకు చాలా సామాను కొన్నది. బేరంలో గట్టిది, మాట తప్పదు.

"అంకుల్, అల్వాల్‌లో ఇండిపెండెంట్ హౌస్. వాల్స్ అన్నీ గ్రే సిమెంట్ ఫినిష్. ఫ్లోర్ మొత్తం ఒకటే లెవెల్. ఆ మధ్యల ఈ డోర్ ఒక్కటే మాట్లాడాలె," అంది.

"మాట్లాడుతదో లేదో తెల్వదు బిడ్డా. కిర్రుమనుడు మాత్రం పక్కా," అన్నాను.

"కిర్రు కూడా ఉండనీయండి. క్లయింట్‌కు అదే నచ్చింది. ఒక్కటే ప్రాబ్లం. గడప వద్దు."

"ఇంకోటి మాట్లాడు."

"నా కోసం కాదంకుల్. వాళ్లింట్ల పెద్దావిడ వీల్‌చెయిర్ మీద ఉంటది."

మర్నాడు ఇంటి యజమానిని వెంటబెట్టుకొచ్చింది. పేరు వరహాలబాబు. బొబ్బిలి వైపు మనిషి, ఇక్కడ బ్యాంకులో పని. మల్కాజ్‌గిరిలో ఏళ్ల తరబడి అద్దెకుండి, ఇప్పుడు అల్వాల్‌లో సొంతిల్లు కడుతున్నాడు. తల్లి ముసలమ్మ రెండేళ్ల కిందట జారిపడింది. తుంటి ఎముక అతికింది గాని కాళ్లకు తిరిగి పట్టు రాలేదు. ఆవిడ చక్రాల కుర్చీ ఇల్లంతా తిరిగేలా, గదికీ గదికీ మధ్య ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా ఇల్లు గీయించాడు.

వరహాలబాబు ఇత్తడి బుడిపెల మీద చెయ్యి వేసి, తీయలేదు. "మా ఊళ్లో మా అమ్మ ఇలాంటి తలుపే తోమేదండీ, చింతపండు పెట్టి. ఆ ఇల్లు మా తాతగారుండగానే చేజారిపోయింది. ఇది చూస్తే అమ్మకి సొంతిల్లనిపిస్తుందని ఆశ."

"తీస్కపోండ్రి సార్. ఖుషీగ ఇస్తా. కడపతో సహా."

మేం కడప అంటాం, వాళ్లు గడప అంటారు. వస్తువు ఒకటే.

"అదే కదండీ గొడవ. తలుపూ మా అమ్మ కోసమే, ఎత్తుపల్లం లేని నేలా మా అమ్మ కోసమే. రెండూ పోట్లాడుకుంటే నేనెవరి పక్కకి వెళ్లను?"

అప్పుడు నేనొక దారి చెప్పాను. గడప కోయొద్దు, నేలలోకి దించుదాం, పైభాగం రాళ్లతో సమంగా వచ్చేటట్టు. దర్వాజకు పట్టు ఉంటుంది, కుర్చీ సాఫీగా పోతుంది, పసుపు రాయడానికి చెక్క ఉంటుంది. లాస్య ఎగిరి గంతేసినంత పని చేసింది. "సూపర్ అంకుల్! అటొక బ్రాస్ లైన్, ఇటొక బ్రాస్ లైన్ ఇద్దాం. పాత కొత్త కలిసిపోయినట్టుంటది." వరహాలబాబు నా చేతులు పట్టుకున్నాడు. ముగ్గురమూ తెలివైనవాళ్లమనుకుని టీ తాగాం. చక్రం ఎలా పోవాలా అన్న ఆలోచనలో ఉన్నాం గాని, కాలు సంగతి ఒక్కరికీ తట్టలేదు. బెత్తెడు ఎత్తుంటే మనిషి తనంతట తానే కాలెత్తి దాటుతాడు. నేలతో సమంగా ఉన్నదాన్ని దాటడానికి ఎవడు కాలెత్తుతాడు?

గృహప్రవేశానికి నన్ను కూడా పిలిచారు. వెళ్లేసరికి వాకిలి నిండా జనం. నా దర్వాజ నిజంగానే బాగుంది. బూడిద రంగు గోడల మధ్య ఇత్తడి మెరుస్తోంది. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. తెల్లవారుజామున పంతులు చేయించిన ప్రవేశానికి ముసలమ్మ రాలేదు, చలిగాలి పడదని. పొద్దెక్కాక కారులో వచ్చింది. కోడలు కనకలక్ష్మి కుర్చీ తోసుకుంటూ గుమ్మం దాకా తెచ్చింది. ముసలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"గడప ఏదిరా?" అంది కొడుకుతో.

"ఇదేనమ్మా, కిందుంది చూడు."

ఆవిడ వంగి చూసింది. పసుపూ లేదు, కుంకుమా లేదు. తెల్లవారుజాము నుంచి వచ్చినవాళ్లందరి పాదాల కింద అంతా అరిగిపోయి, లోపల హాలు దాకా పచ్చటి అడుగులు పడివున్నాయి. ఆవిడ చూస్తుండగానే ఒక పిల్లవాడు లడ్డూ తింటూ వచ్చి సరిగ్గా దాని మీదే నిలబడ్డాడు.

"ఇది గడపేటి? గడపని పాతరేసీనారు కదరా. ఊరందరిచేతా తొక్కించీసి, ఇప్పుడు నన్ను బండెక్కించి దానిమీంచి తోలుతావేటి?"

"అత్తయ్యా, అందరూ చూస్తున్నారు," అంది కనకలక్ష్మి మెల్లగా.

"చూడనీ. కళ్లున్నోళ్లు ఇంతసేపూ కాళ్ల కింద చూసుకోనేదు, ఇప్పుడు నన్ను చూస్తారా? ఎనక్కి తిప్పు. ఎనభయ్యేళ్లు కాలు తగలనివ్వనేదు నేను. ఇప్పుడు చక్రం తగలనిస్తానేటి? నేనెల్లను."

బతిమాలారు. కుర్చీతో సహా ఎత్తి దాటిస్తామన్నారు. ఇవ్వాళ ఎత్తుతారు, రేపెవరెత్తుతారు అని అడిగింది. కారు మల్కాజ్‌గిరికి తిరిగిపోయింది. ఆవిడతో పాటు కనకలక్ష్మి కూడా పోయింది. కొత్తింట్లో మొదటి భోజనం ఇంటావిడ లేకుండా వడ్డించారు. నాకు ముద్ద దిగలేదంటే అబద్ధం, దిగింది. రుచి మాత్రం తెలియలేదు.

వారం తర్వాత వరహాలబాబు యార్డుకు వచ్చాడు. గడ్డం పెరిగింది. మల్కాజ్‌గిరి ఇల్లు నెలాఖరుకు వేరేవాళ్లకు ఇచ్చేశారట. ముసలమ్మ మాత్రం కదలనంటోంది. ఇంకో అద్దె గది చూడు, ఒక్కదాన్నే ఉంటాను, వంటమనిషిని పెట్టు అంటోందట. మంచినీళ్ల గ్లాసు తనంతట తను అందుకోలేని మనిషి.

"పురుషోత్తం గారూ, మీ తలుపు మీరు తీసుకుపొండి. సిమెంటు పగలగొట్టించే ఖర్చు నేనే పెట్టుకుంటాను. కొత్త తలుపు పెట్టించి, దాని కింద ఇంత ఎత్తు గడప కట్టించి, అమ్మనెలా దాటించాలో తర్వాత చూసుకుంటాను."

తలుపు వెనక్కొస్తే పెట్టడానికి నాకు చోటు లేదు. యార్డు యజమాని అప్పటికే గోడ కొలతలు తీయించుకుంటున్నాడు. కానీ నన్ను లేపి నిలబెట్టింది ఆ సంగతి ఒక్కటే కాదు. ఈ మనిషి తల్లి కోసమే ఇల్లు కట్టాడు. నా తెలివి వల్ల ఆ తల్లికి ఆ ఇల్లు లేకుండా పోయింది. ఇలాంటి సరుకు అమ్మి దుకాణం మూసేస్తే, ఆఖరి బేరం పాడు బేరం అవుతుంది.

"మీ అమ్మతోని నేను మాట్లాడతా సార్," అన్నాను.

ఇంట్లో చెబితే నా భార్య బాలమ్మ చేటలో బియ్యం చెరుగుతూ నవ్వింది. "దుకాణం బంద్ చేస్తనంటివి. ఇప్పుడు కడప పట్టుకొని అల్వాల్ పోతవా, మల్కాజ్‌గిరి పోతవా? ఆ మోకాళ్లను ఒక్కమాట అడిగినవా?"

"అడిగితె వద్దంటయి."

"నాలెక్కనే. అవి సుత నీతోని ఏగలేక సప్పుడు చేస్తున్నయి."

మల్కాజ్‌గిరి ఇంట్లో సామానంతా అట్టపెట్టెల్లో ఉంది. ముసలమ్మ కుర్చీలో కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని బీరకాయ పీచు తీస్తోంది. నన్ను చూసి, "తలుపులబ్బాయివి నువ్వేనేటి?" అంది. నాకు అరవై దాటాయి. అబ్బాయి అని పిలిచేవాళ్లు పోయి చాలా కాలమైంది.

"నేనే పెద్దమ్మా. కడప నేలల దించుమన్నది సుత నేనే. మీ కొడుకును అనకుండ్రి."

"ఇంకెవరో అనుంటారనుకున్నాను. మా వాడికంత తెలివి నేదు." పక్కనే నిలబడ్డ వరహాలబాబు ఆ తిట్టు హాయిగా పుచ్చుకున్నాడు.

"మళ్లీ పైకి లేపుత పెద్దమ్మా. ఎప్పటిలెక్క చేయిస్త. కని మీ కుర్చీ ఎట్ల దాటుతది? రెండు దిక్కుల చిన్న వంతెన లెక్క చెక్కలు పెడదామా?"

"వంతెన మీదెల్తే కింద గడప ఉన్నట్టే కదా. బండి దాని నెత్తి మీంచే కదా ఎల్తంది."

"మరి పక్కపొంటి కిటికీ తీసి, మీ కోసం ఇంకో దారి?"

"దొంగలా?"

నా దగ్గరున్న దారులు అయిపోయాయి. బీరకాయ పీచు పళ్లెంలో పడుతూనే ఉంది. ఆవిడే అడిగింది, "నీ దుకాణానికి గడప ఉందా బాబూ?"

"గోదాముకున్నది."

"బస్తాలూ దూలాలూ ఎలగ తోలతారు లోపలికి?"

"మా గోదాము కడప పాతింది కాదు పెద్దమ్మా. మందం పలక. రెండు దిక్కుల నిలువులకు గాళ్లు చెక్కి ఉన్నయి, అండ్ల దిగుతది. బండి వచ్చినప్పుడు పలక తీస్తం, బండి పోయినంక పెడతం. మా నాయన నాటినుంచి గంతే."

"పసుపు రాస్తారా దానికి?"

"శుక్రవారం శుక్రవారం మా ఆమె రాస్తది."

"తీసినప్పుడల్లా లక్ష్మి ఎల్లిపోయిందా?"

"పోతే ఇన్నేండ్లు ఏం తిని బతికినం?"

ముసలమ్మ చాకు పళ్లెంలో పెట్టింది. "మరింకేటి? నాకూ అలగే చెయ్యి. నేనూ బస్తానే కదా ఇప్పుడు, ఒకరు తోస్తే ఎల్లేదాన్ని."

"అమ్మా!" అన్నాడు వరహాలబాబు.

"ఏటమ్మా? భోజనానికి పీటేసి, తిన్నాక తీసీస్తాం. అంతమాత్రాన పీట నేని కొంపైపోద్దేటి? గడప ఉండాల. దాన్ని ఎవరూ తొక్కకూడదు. నేనొచ్చినప్పుడు లెగాల. అంతే."

కనకలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. "అది ఎత్తేదెవరత్తయ్యా?" అంది.

ముసలమ్మ ఇంకో బీరకాయ తీసుకుంది.

లాస్యకు చెబితే మొదట తల పట్టుకుంది. వేసిన పెద్ద రాళ్లు పగలగొట్టాలి, అవి మళ్లీ అదే రంగులో దొరకవు. రెండో రోజుకు కాగితం మీద గీసుకొచ్చింది. గడప పాతిన గుంటలో నల్లరాయి పట్టీ వేస్తుంది. మిగతా నేల రంగుతో కలవదు గనక కలిపే ప్రయత్నమే చేయదు. గడప లేకపోతే పక్కలు విడిపోతాయన్న నా భయానికి, రెండు నిలువులనూ గోడలోకి ఇనుప కమ్ములతో పట్టిస్తుంది. గడప దిగే గాళ్లకు లోపల ఇత్తడి రేకు. తలుపులకు ఎవరో ఎప్పుడో మడతబందులు పెట్టారు కాబట్టి రెక్కలు గడప మీద ఆధారపడవు. అన్నీ సరిపోయాయి. గడపకు రిమోటుతో లేచే మోటారు పెడదామని కూడా అంది.

"మోటరు ఖరాబైతే ముసలామె ఎటుదిక్కు ఉండిపోతది?" అన్నాను. మోటారు మాట పోయింది.

పని మా వడ్రంగి వీరయ్య చేశాడు. పాత గడపను నేలలోంచి లేపుతుంటే తనలో తను తిట్టుకున్నాడు. "సేటు, దించుమన్నది నువ్వే, లేపుమన్నది నువ్వే. జెర తేల్చుకో. నా ఉలికి సుత పరేషాన్ అయితుంది." వాడి కూలీ, పగిలిన రాళ్ల ఖరీదూ నేనే పెట్టుకున్నాను. వరహాలబాబు ఇస్తానన్నాడు, నేను తీసుకోలేదు. దించమన్నది నేనే కదా.

నెలాఖరుకు ఇంకా కొద్ది రోజులుందనగా ముసలమ్మను తెచ్చారు. ఈసారి పంతులు లేడు, చుట్టాలు లేరు. గడప కొత్తగా పసుపు రాసి, బెత్తెడు ఎత్తున, తన చోట తానుంది. వరహాలబాబు చొక్కా చేతులు మడిచి వంగాడు. ఒక పక్క లేచింది, రెండో పక్క ఇరుక్కుంది. లాగాడు. వేలు నలిగింది.

"మెల్లగా. గడప తల్లిని బస్తాలాగ లాగకు," అంది తల్లి.

"బస్తా అన్నది నువ్వే కదమ్మా."

"బస్తా నేను. ఆవిడ కాదు."

లేచింది. గోడకు ఆనించి నిలబెట్టాడు. కనకలక్ష్మి కుర్చీ తోసింది, నల్లరాతి మీదుగా చక్రాలు లోపలికి పోయాయి. ముసలమ్మ కుర్చీ తిప్పించుకుని, గడప మళ్లీ దిగేదాకా చూసింది. దిగాక దండం పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఆ చిలక్కి ముక్కు ఇరిగింది, చూసి కొన్నావా?" అని కొడుకును అడిగింది.

నేను అక్కడితో తెగిందనుకున్నాను. యార్డు తాళాలు ఇచ్చేశాను. వానలు మొదలైన వారానికి కనకలక్ష్మి ఫోన్ చేసింది. గడప ఉబ్బి, గాళ్లలో పట్టేసిందట. రెండు రోజులుగా లేవడం లేదు. అత్తగారు బయటి అరుగు మీదికి రాలేక, లోపల కూర్చుని అందరినీ చంపుకు తింటోందట.

వీరయ్య వేరే పనిలో ఉన్నాడు. చిత్రిక సంచిలో వేసుకుని నేనే బస్సెక్కాను. చివరలు కొద్దికొద్దిగా గీసి, దించి, లేపి, మళ్లీ గీశాను. నేల మీద కూర్చుంటే మళ్లీ లేవడానికి దర్వాజ పట్టుకోవాల్సి వచ్చింది. కనకలక్ష్మి టీ తెచ్చి, ఎదురుగా నిలబడింది. అరచేతులు పచ్చగా ఉన్నాయి.

"ఒక మాట చెప్పనా బాబాయ్‌గారూ? అత్తగారితో ఇన్నేళ్లు వేగాను. ఈ గడప నాకు అత్తగారి అత్తగారిలా ఉంది. పొద్దున్న ఆయన బ్యాంకుకెళ్లే ముందు ఎత్తాలి, ఆవిడ అరుగు మీదికెళ్తారు. ఎండెక్కితే నేనెత్తాలి. సాయంత్రం మళ్లీ బయటికంటారు, ఆయనొచ్చేదాకా ఆగమంటాను. తీసినప్పుడల్లా పసుపు చెరుగుతుంది, మళ్లీ రాయాలి. ఆయన బ్యాంకులో నోట్లకి పసుపంటిస్తున్నారని తోటివాళ్లు నవ్వుతున్నారట."

"బరువు తగ్గించాల్నా? కింద దిక్కు తొలిచి ఇస్త."

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "వద్దులెండి," అంది. "తేలికైతే పిల్లలాడుకుంటారు దాంతో."

లోపల్నుంచి ముసలమ్మ కేకేసింది. "అయిందేటి? రెండ్రోజులయింది వాన చూసి!"

గడప నేనే ఎత్తాను. నడుం కలుక్కుమంది. ఆవిడ కుర్చీ అరుగు మీదికొచ్చింది. గడప దించాను. జల్లు ఆవిడ పాదాల మీద పడుతోంది. లోపలికి తీసుకెళ్లమని అడిగితే మళ్లీ ఎత్తాలని ఆవిడకూ తెలుసు. కాళ్లు వెనక్కి జరుపుకోమన్నాను, వినలేదు. కొడుకు వచ్చేవేళకు ఇంకా చాలా పొద్దుంది.

బస్సులో లెక్క చూసుకున్నాను. దర్వాజ మీద మిగలాల్సింది వీరయ్య కూలికీ, పగిలిన రాళ్లకూ సరిపోయింది. నాకు లాభమూ లేదు, నష్టమూ లేదు, నడుం ఒక్కటి అదనంగా పోయింది. వరహాలబాబు ఎక్కడా ఎత్తుపల్లం లేని ఇల్లు కోరాడు, రోజుకు ఇన్నిసార్లు వంగాల్సిన ఇల్లు దొరికింది. కనకలక్ష్మికి ఇంకో చాకిరీ తగిలింది. ముసలమ్మ లోపలైనా బయటైనా ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగాలి, ఆగుతోంది. వచ్చిందంటూ చెప్పుకోవాలంటే ఒక్కటే. ఆవిడ ఆ ఇంట్లో ఉంది.